మేస్త్రి కూతురి సీటు

పొద్దున్నే, ఇంట్లో పిడుగు అని పిలిచే ఆ పిల్ల వంటింటి గోడకి ఆనుకుని నిలబడి టీ తాగుతోంది. బల్ల చుట్టూ కుర్చీలన్నీ ఖాళీగానే ఉన్నాయి.

"కూర్చుని తాగితే ఆ టీ ఏమైనా పారిపోతుందా?" అంది తల్లి.

"టైమ్ లేదమ్మా."

టైమ్ లేదన్న మనిషి తీరిగ్గా రొట్టె కూడా తింది, అదీ నిలబడే. కప్పు కడగడానికి వెళ్తూ తొడలు రాసుకోకుండా కాళ్లు ఎడంగా వేసి నడిచింది. తల్లి చూసింది. చుట్టుపక్కల ఆడవాళ్లందరికీ బట్టలు కుట్టే టైలరమ్మ ఆవిడ. మనిషి నాలుగడుగులు వేస్తే చాలు, టేపు తీయకుండానే ఎక్కడ బిగువో ఎక్కడ వదులో చెప్పేస్తుంది. కూతురి నడక గురించి మాత్రం ఏమీ అనలేదు. తల దించుకుని సూదిలో దారం ఎక్కించుకుంది. దారం ఎంతకీ ఎక్కలేదు.

కింద వర్క్‌షాపులో సుత్తి చప్పుడు మొదలైంది. పిడుగు తండ్రి సైకిల్ సీట్లు చేస్తాడు. తోలు నానబెట్టి, చెక్క అచ్చు మీద లాగి ఆరబెట్టి, ఇనప చట్రానికి రాగి మేకులతో బిగిస్తాడు. అందరూ మేస్త్రి అనే పిలుస్తారు. మేస్త్రి సీటు మీద కూర్చుంటే ఇంట్లో కుర్చీలో కూర్చున్నట్టే ఉంటుందని పొగిడేవాళ్లు చాలామంది. వాళ్లంతా మగవాళ్లేనన్న సంగతి ఆ ఇంట్లో ఎవరికీ ఎప్పుడూ తట్టలేదు.

"వెళ్తున్నానని నాన్నకి చెప్పమ్మా."

"ఆయన ముందు నుంచే కదే వెళ్లేది. నువ్వే చెప్పు."

"అబ్బా, నువ్వు చెప్పవే."

ఇది ఆ ఇంటి పద్ధతి. తండ్రీకూతుళ్లకి తగాదా ఏమీ లేదు, అలకా లేదు. పిల్ల పెద్దదైన దగ్గర్నుంచి ఆయన ఏదైనా అడగాలన్నా, ఆ పిల్ల ఏదైనా చెప్పాలన్నా తల్లి మీదుగానే నడిచింది. మొదట్లో ఒంటికి సంబంధించిన మాటలకే ఆ ఏర్పాటు. తర్వాత చెప్పులు కొనడం నుంచి చదువు మానేసి సైకిల్ పోటీలకి వెళ్తాననడం దాకా అన్నిటికీ అదే అలవాటైపోయింది. మధ్యలో తను లేకపోతే ఇల్లు నడవదని ఆవిడకి లోపల కాస్త గర్వం కూడా.

టైలరమ్మ కిటికీలోంచి చూసింది. పిడుగు వీధి మలుపు దాకా పెడళ్ల మీద నిలబడే తొక్కింది. మలుపు దగ్గర సీటు మీద కూర్చుంది. కూర్చోగానే దాని భుజాలు రెండూ చెవుల దాకా లేచాయి.

ఆదివారం కొండదారి పోటీ. ముందు వచ్చిన కొద్దిమందినీ జీతమిచ్చి జట్టులోకి తీసుకుంటారు. ఏడాదిగా ఆ పిల్లకి తిండిలోనూ అదే ధ్యాస, నిద్రలోనూ అదే ధ్యాస. ఇంకా కొన్ని రోజులే ఉన్నాయి, అంతవరకూ ఏమీ కాకుండా ఉంటే చాలని ఆవిడ తనకి తానే చెప్పుకుంది. చెప్పుకున్న కొద్దీ భయం పెరిగింది తప్ప తగ్గలేదు.

అసలు ఇదంతా మొదలైంది ఈ వంటింట్లోనే. ఒకరోజు పిడుగు తలుపు దగ్గరికి వేసి, గొంతు తగ్గించి చెప్పింది. "అమ్మా, సీటు ముక్కు నొక్కేస్తోందే. ముందు, కింద. కాసేపటికి మొద్దుబారిపోతోంది. దిగాక ఒకటే మంట. నాన్నని ఏదైనా చేయమను."

టైలరమ్మ మెట్లు దిగి వెళ్లింది. మేస్త్రి తల ఎత్తి "ఏమంటోంది?" అన్నాడు. ఆ మాట, కూతురి ఒంట్లో ఆ చోటు గురించి, మొగుడి ముందు ఎలా అనడం?

"సీటు మీద నొప్పిగా ఉందిట."

"ఎక్కడ?"

"వెనక," అంది.

అంతే. చిన్న మాట. ఆయన నమ్మాడు. వెనక ఎముకలకి మెత్తగా ఉండాలని తోలు ఆ వైపు వదులు చేశాడు. పిల్లకి నొప్పి ఎక్కువైంది. మళ్లీ తల్లికి చెప్పింది, తల్లి మళ్లీ "వెనకే" అంది. ఈసారి మందంగా స్పాంజి పెట్టాడు. దాని మీద గుడ్డ తొడుగు కుట్టింది ఎవరనుకున్నారు, ఆవిడే. కుట్లు ముచ్చటగా వచ్చాయని మురిసిపోయింది కూడా.

పిడుగు నిలబడి టీ తాగి వెళ్లిన రోజు మధ్యాహ్నం బట్టలు నానబెడుతుంటే అది సైకిల్ తొక్కేటప్పుడు వేసుకునే నిక్కరు చేతికొచ్చింది. లోపలి పొరలో దూది కుక్కి ఉంది. దూది మీద రక్తం, దాని చుట్టూ పసుపచ్చని చీము. వాసన గుప్పుమంది. ఆవిడ బకెట్ పక్కన అలాగే కూలబడింది.

ఇక దాచకూడదనుకుంది. చేతులు తుడుచుకుని గబగబా మెట్లు దిగింది.

"ఏమండీ, పిల్లకి..."

"ఇంకా నొప్పేనా?" మేస్త్రి చేతిలో తోలు తిప్పుతూనే అడిగాడు. "వెనకేనా?"

ఆవిడ నోరు తెరిచింది. "ఆ," అంది. "వెనకే."

"సరే, ఇంకో వరస స్పాంజి వేద్దాం."

తిరిగి పైకి వచ్చి మెషీను ముందు కూర్చుంది. తనని తను తిట్టుకుంది. రానీ, పిల్లని నేనే ఆసుపత్రికి తీసుకెళ్తాను, ఆయనకి తెలియాల్సిన పనేముంది అనుకుంది. మెషీను తొక్కుతున్నా గుడ్డ కదలడం లేదు. దారం ఎప్పుడో తెగిపోయిందని ఆలస్యంగా చూసుకుంది.

సాయంత్రం కింద సైకిల్ పడిన చప్పుడైంది. ఆవిడ పరుగున మెట్ల మీదికొచ్చేసరికి పిడుగు వర్క్‌షాపు మధ్యలో నిలబడి ఉంది. మొహం పాలిపోయింది, పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కళ్లు మాత్రం నిప్పుల్లా ఉన్నాయి.

"తీసెయ్ నాన్నా దీన్ని!" అంది. ఆ పిల్ల తండ్రి మొహం చూసి మాట్లాడి ఎన్నాళ్లయిందో. "నేను గెలవడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పు. సీటుతో చెప్పించకు."

"ఏం మాట్లాడుతున్నావే?"

"మార్చిన ప్రతిసారీ ఇంకా ఘోరం చేశావు. కొండదారి నీకెందుకని మొదట్నుంచీ గొణుగుతూనే ఉన్నావుగా. చివరికి ఇలా సాధించావు!"

మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుంది. సుత్తి బల్ల మీద విసిరేశాడు. "నా పనిని అంటావా? కావాలని నా చేత్తో నేను సీటు చెడగొడతానా? నువ్వు వెనక నొప్పి అంటేనే కదా వెనక వదులు చేసింది! వెనక అంటేనే కదా స్పాంజి పెట్టింది!"

"వెనకా?" పిడుగు గొంతు కీచుమంది. "వెనక అని నేనెప్పుడన్నాను? ముందు నాన్నా! మొదట్నుంచీ ముందే! అక్కడ కోసుకుపోయి గడ్డ కట్టింది. కూర్చోలేను, నడవలేను, ఒంటికి పోతే ఏడుపొస్తోంది."

మేస్త్రి కింద పడున్న సైకిల్ వైపు చూశాడు. "వెనక వదులు చేస్తే ముక్కు పైకి లేస్తుంది," అన్నాడు నెమ్మదిగా. "మనిషి లోపలికి దిగుతుంది. బరువంతా ముందు..."

తండ్రీ కూతురూ ఒక్కసారే మెట్ల వైపు చూశారు. టైలరమ్మ కమ్మీ పట్టుకుని నిలబడి ఉంది.

"అమ్మా?" అంది పిడుగు. ఆ తర్వాత దాని మోకాళ్లు మడతపడ్డాయి. మేస్త్రి పట్టుకోబట్టి బల్ల అంచు తలకి తగల్లేదు. ఒళ్లు కాలిపోతోంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చూసి తిన్నగా లోపలికి తీసుకెళ్లిపోయింది. గడ్డ కోసి చీము తీశాక బయటికొచ్చి, "ఇంకొంచెం ఆలస్యమైతే విషం రక్తంలోకి పాకేది," అంది. "ఇంతవరకూ వచ్చేదాకా ఇంట్లో ఎవరికీ తెలీలేదా?"

ఆవిడ వెళ్లిపోయింది.

వరండాలో బెంచీ మీద మొగుడూ పెళ్లాం కూర్చున్నారు. మేస్త్రి అడిగాడు. "ఎందుకలా చెప్పావు?"

"నోరు రాలేదండీ. మీ ముందు ఆ మాట ఎలా అనను?"

"నేను పరాయివాడినా?"

"ఇన్నేళ్లలో ఎప్పుడైనా అనుకున్నామా అలాంటి మాటలు? మీరూ అడగలేదు, నేనూ చెప్పలేదు."

ఆయన చేతులు చూసుకున్నాడు. గోళ్ల కింద తోలు రంగు అలాగే ఉంది. "కుట్టిన బట్టలు ఇచ్చిరావడానికి నీకూ సైకిల్ కొన్నాం. దానికి సీటు చేసింది నేనే."

"ఊ."

"బాగుందా అంటే బాగుందన్నావు."

ఆవిడ వేలికి అంటిన దారప్పోగు లాగి పడేసింది.

"చాలాసార్లు చూశాను, సైకిల్ చేత్తో నడిపించుకుంటూ వచ్చేదానివి. నీకు నడక ఇష్టమేమో అనుకున్నాను." ఆయన ఆవిడ వైపు తిరిగాడు. "బాగుందా అది?"

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు ఆగలేదు. "ఆడదానికి అలాగే ఉంటుంది కాబోలు అనుకున్నానండీ. ఓర్చుకున్నాను. అది చెప్పినప్పుడు కూడా, నేను ఓర్చుకోలేదా, ఇదీ ఓర్చుకుంటుందిలే అనుకున్నాను. నా పిల్లని నేనే..."

మేస్త్రి ఆవిడని ఊరుకోమనలేదు. ఆయనకీ కళ్లు నిండిపోయాయి. తప్పు ఒక్కరిదని అనడానికి ఆయనకి మనసొప్పలేదు. కూతురిని ఒక్క మాట నేరుగా అడిగి ఉంటే సరిపోయేది, అడగలేదు.

మర్నాడు పిడుగుకి జ్వరం దిగింది. పోటీ సంగతి దానికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. గోడ వైపు తిరిగి పడుకుని, "మళ్లీ ఎప్పుడు పెడతారో," అంది. తల్లి జుట్టు నిమరబోతే తల పక్కకి తీసుకుంది. ఆవిడ చెయ్యి అక్కడే ఆగిపోయింది. తనకి అది తగినదే అనుకుంది.

మేస్త్రి స్టూలు మంచం దగ్గరికి లాక్కున్నాడు. "ఇటు తిరగమ్మా. ఎక్కడ నొక్కిందో, ఎలా మొదలైందో నాకు చెప్పు."

పిడుగు అలవాటుగా తల్లి వైపు చూసింది.

"నేను చెప్పను," అంది టైలరమ్మ. "నేను చెబితే ఏమైందో చూశావుగా. నువ్వే చెప్పు."

పిల్ల మొదలుపెట్టింది. మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి గానీ చూపు తిప్పుకోలేదు. మధ్యలో అడిగాడు కూడా. "ముక్కు పొట్టి చేసి, నడుమ తోలు కోసేస్తే?"

"కోసేస్తే సాగిపోదా?"

"సాగుతుంది. అడుగున పట్టీ వేయాలి. ఎంత మేర కోయాలో నాకెలా తెలుస్తుంది, నువ్వే చెప్పాలి."

"ఒక్కొక్కరి ఒంటిని బట్టి ఒక్కోలా ఉంటుందేమో నాన్నా," అని, పిడుగు మెల్లగా తల్లి వైపు తల తిప్పింది. ఆ చూపులో నిన్నటి కోపం ఇంకా ఉంది. దాని పక్కనే ఇంకేదో ఉంది. "అమ్మనీ అడుగు."

టైలరమ్మ మంచం కోడు పట్టుకుంది.

"నాకూ అక్కడేనండీ," అంది. "ఇవాళ్టికీ."

మేస్త్రి కూతురి ముందే ఆవిడ చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"అక్కడ అంటే ఎక్కడో చెప్పు," అన్నాడు.

ఆవిడ చెప్పింది.