చేతులు లెక్కపెట్టే మిషన్

ఇత్తడి బిందె మీద మిషన్ తన పొడవాటి వేలు ఆనించి ఆగింది. మూడు క్షణాల తర్వాత దానికి ఎర్ర స్టిక్కర్ అంటించి పక్కకు జరిగింది.

"అయ్యో, అది మా పెళ్లినాటిది!" అంది సుభద్ర.

"పెళ్లినాటిదే మేడమ్. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు, అంతే," అంది డాక్టర్ హిమజ నవ్వుతూ.

కాలనీ చివరి వీధి దాకా సముద్రం వచ్చేసిన ఏడాది అది. తీరంలోని నాలుగు వేల కుటుంబాలను మెట్టమీద కట్టిన టవర్లలోకి మారుస్తున్నారు. కుటుంబానికి ఒక ఫ్లాట్, ఒక కంటైనర్. అందులో అయిదు వందల కిలోలకు మించి పట్టదు. ఏది తీసుకెళ్లాలి, ఏది వదిలెయ్యాలి అని ప్రతి ఇంట్లోనూ గొడవే. ఆ గొడవ తీర్చడానికే హిమజ ఈ మిషన్ తయారుచేసింది.

మనం ఒక వస్తువును పట్టుకున్నప్పుడల్లా చేతి జిడ్డు, చెమట ఉప్పు, కంటికి కనిపించని సూక్ష్మజీవులు దానికి అంటుకుంటాయి. ఎంత తోమినా పూర్తిగా పోవు. గోడకు ఏటేటా వేసిన సున్నంలా పొర మీద పొర నిలిచిపోతాయి. ఏ ఇద్దరి పొరలూ ఒకలా ఉండవు. ఇంటివాళ్లు ముందుగా గాజుపలక మీద అరచెయ్యి ఆనిస్తే చాలు, ఏ వస్తువును ఎవరు ఎన్నాళ్లుగా వాడుతున్నారో సెన్సర్ చదివేస్తుంది. వాడేదానికి పచ్చ స్టిక్కర్, వాడనిదానికి ఎరుపు.

పొద్దుటి నుంచి ఇంట్లో నవ్వులే. రోజూ పారాయణ చేస్తానని సుభద్ర భర్త నరహరి చెప్పుకునే భాగవతానికి ఎరుపు పడింది. టీవీ రిమోట్‌కు పచ్చ.

"పోనీలే నాన్నా, మిషన్‌కు పుణ్యం లెక్క తెలియదు," అంది పన్నెండేళ్ల మేధ.

"ముందు నీ వీణకేం పడిందో చూసుకోవే!"

సుభద్ర మాత్రం నిశ్చింతగా ఉంది. పూజగదిలో అన్నిటికీ పచ్చే పడింది. ఆమెకు లోలోపల ఇంకో తృప్తి కూడా ఉంది. నరహరి మేనత్త సుందరమ్మగారు పద్దెనిమిదేళ్లుగా వీళ్ల దగ్గరే ఉంటోంది. మడి మనిషి. మడి కట్టుకున్నాక ఎవరైనా తగిలితే మళ్లీ స్నానం చెయ్యాల్సిందే. వచ్చిన కొత్తలో ఒకసారి పొరపాటున తగిలినందుకు సుభద్రను గట్టిగా కేకలేసింది కూడా. అప్పటి నుంచి సుభద్ర ఆవిడ మడికి ఒక్కపూటైనా భంగం రానివ్వలేదు. విస్తరాకులో వడ్డించి స్టూలు మీద పెట్టి తప్పుకునేది. మేధ పాకుతూ అటు వెళితే పరుగున వెళ్లి ఎత్తుకొచ్చేసేది. ఆవిడ చెంబు, బట్టలు ఆవిడే కడుక్కునేది. "ఈ కాలంలో ఇలాంటి కోడలా!" అని బంధువులు మెచ్చుకుంటే, అంతా నీ దయ స్వామీ అని దేవుడికి దణ్ణం పెట్టుకునేది సుభద్ర.

అందుకే పొద్దున హిమజ గాజుపలక పట్టుకొస్తే, "ఆవిడ్ని అడక్కండి, మడిలో ఉంటారు," అని వారించింది.

మిషన్ ఆవిడ ఉండే గదిలోకి వెళ్లింది. సుందరమ్మగారి చేతికర్రకు ఎరుపు. కళ్లజోడు పెట్టెకు ఎరుపు. రాగిచెంబుకు, తులసిపూసల మాలకు ఎరుపు. చివరికి ఆవిడ కూర్చున్న కుర్చీని తడిమి, ఆవిడ మోచెయ్యి పక్కనే ఎర్ర స్టిక్కర్ అంటించింది.

"ఇంటివాళ్ల చేతులు లేవు," అంది మిషన్ మెత్తటి గొంతుతో. "వదిలి వెళ్లవచ్చు."

మేధ కిసుక్కున నవ్వబోయి ఆగిపోయింది.

"ఆవిడ చెయ్యి నమోదు చెయ్యలేదు కదండీ," అంది హిమజ కంగారుగా. "తెలియని చెయ్యి కనిపిస్తే బయటివాళ్లదనుకుంటుంది. ఒక్క నిమిషం."

సుందరమ్మగారి వేళ్లు ముడుచుకుపోయి ఉన్నాయి. హిమజ ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని, ఒక్కొక్క వేలే సాపు చేసి పలక మీద ఆనించింది.

"అయ్యో, మడండీ!" అంటూ సుభద్ర ముందుకొచ్చింది.

సుందరమ్మగారు చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నీ చెయ్యి వెచ్చగా ఉందే, అమ్మాయ్," అంది.

మిషన్ ఎర్ర స్టిక్కర్లన్నీ పీకేసి పచ్చవి అంటించింది. కానీ హిమజ తన ట్యాబ్ చూసి కనుబొమలు ముడిచింది.

"ఈవిడ వస్తువుల మీద మీ ముగ్గురిలో ఒక్కరి చెయ్యీ లేదు. మీ వస్తువుల మీద ఆవిడది లేదు. ఇలా అద్దెకున్న వాళ్ల విషయంలోనే చూశాం. సిస్టమ్ ఆవిడను వేరే కుటుంబంగా రాసేసింది. విడిగా ఒక గది, విడిగా ఒక కంటైనర్."

"అంటే మనకింకో అయిదు వందల కిలోలా?" అన్నాడు నరహరి. భార్య ముఖం చూసి వెంటనే తల దించుకున్నాడు.

"అదేమిటండీ! ఆవిడ మడిని గౌరవించే మేం ముట్టుకోలేదు. ప్రేమ లేక కాదు," అంది సుభద్ర. "అత్తయ్యగారూ, మీరైనా చెప్పండి."

"మడా? ఏడేళ్లయిందమ్మా మానేసి," అంది సుందరమ్మగారు. "కంటి ఆపరేషన్‌కి వెళ్లానా? అక్కడ డాక్టరు, నర్సులు, పక్కమంచం ఆవిడ, అందరూ ముట్టుకున్నారు. ఇంకేం మడి, కృష్ణా రామా అనుకుంటే చాలదా అనుకున్నాను."

"మరి మాకు చెప్పలేదేం?"

"చెబుదామనే ఇంటికొచ్చాను. నువ్వు స్నానానికి నీళ్లు తోడి, పిల్ల అడ్డం రాకుండా తలుపేసి, దూరంగా నుంచున్నావు. మీకదే అలవాటైపోయింది కాబోలనుకున్నా. ముసలిదాన్ని, నన్ను ముట్టుకోండర్రా అని ఏ నోటితో అడగను?"

ఇన్నేళ్లూ దేవుడి ముందు నిలబడి తను దేనికి మురిసిపోయిందో తలచుకుంటే పూజగది వైపు చూడ్డానికి సుభద్రకు ముఖం చెల్లలేదు.

"ఇదేం పెద్ద సమస్య కాదు," అంది హిమజ నెమ్మదిగా. "ఆవిడ వేలిముద్ర వేస్తే, వేరే కుటుంబం అన్నది కొట్టేస్తాను."

"ఆ విడిగది ఎక్కడ అమ్మాయ్?" అని అడిగింది సుందరమ్మగారు.

"మూడో అంతస్తులోనండీ. ఒంటరివాళ్ల వరస. అందరికీ ఒకటే వంట, భోజనాలు కలిసే."

"పక్కన మనుషులుంటారా?"

"గోడకు గోడే."

"మాతోనే ఉండండి, అత్తయ్యగారూ," అంది సుభద్ర.

"మీతోనే ఉన్నాను కదమ్మా ఇన్నాళ్లూ!"

ఆ మాటలో కోపం లేదు. పప్పులో ఉప్పు సరిపోయింది అన్నంత మామూలుగా అంది. తర్వాత బొటనవేలు హిమజ వైపు చాచింది. "కొట్టెయ్యకు. ఆ గదే రాయి."

వేలిముద్ర పడింది. ఆవిడ కుర్చీలోంచి లేవబోయి తూలింది. సుభద్ర గబుక్కున రెండు చేతులూ చాచింది. భుజం పట్టుకోవాలో, మోచెయ్యి పట్టుకోవాలో, ఏ వైపు నొప్పో, ఎంత బరువుంటుందో, ఆమెకు ఒక్కటీ తెలియలేదు.

ఈలోగా సుందరమ్మగారు కుర్చీ చెయ్యి పట్టుకుని తనే నిలబడింది.