పొయ్యి మీద ఆరిన నత్త

"ఇది నత్తా? మా గేదె వేసిన పేడలా ఉందే!" అంది పాకూ, గుడ్డ మీద లిన్ మైనంతో గీసిన బొమ్మ చూసి.

లిన్ పకపకా నవ్వింది. "పేడైనా సరే, మా పిన్ని పాపకిస్తాను. చుట్టలు చుట్టిన నత్త బొమ్మంటే ఇంటివాళ్ళంతా ఒక్కచోట ఉండడమని మీ నానమ్మ చెప్పింది కదా!"

లిన్ హనోయి పిల్ల. గుడ్డ మీద మైనంతో బొమ్మలు గీయడం నేర్చుకోవడానికి వాళ్ళమ్మతో మా కొండకి వచ్చింది. పొద్దుటి నుంచీ పాకూ నానమ్మ పక్కనే కూర్చుని, ఇత్తడి మొన ఉన్న పుల్లను కరిగిన తేనెమైనంలో ముంచి, నారగుడ్డ మీద గీస్తూనే ఉంది. మైనం ఉన్నచోట నీలిరంగు అంటదు. చివర్లో గుడ్డను మరిగే నీళ్ళలో వేస్తే మైనం ఊడి, తెల్లటి గీతలు బయటపడతాయి.

నానమ్మ గుడ్డను నీలితొట్టిలో ఒకసారి ముంచి వసారాలో ఆరేసింది.

"ఇది ఆరాక మళ్ళీ ముంచుదాం. నేను వీళ్ళకి నారచేను చూపించి వస్తా. గుడ్డని గాలికే ఆరనీ. ముట్టుకోకు, వింటున్నావా?"

"వింటున్నా నానమ్మా!"

విన్నది ఒక చెవితోనే. పాకూ అంతే, దానికి అన్నీ తొందరే.

బయట మంచు దట్టంగా దిగింది. గుడ్డ తడి తడిగానే ఉంది. సాయంత్రం బస్సుకి లిన్ వెళ్ళిపోవాలి. "ఈ మంచులో ఇది ఆరినట్టే!" అనుకుంది పాకూ.

మా ఇళ్ళల్లో ఏది తడిసినా పొయ్యి మీదే ఆరుతుంది. మొక్కజొన్న కంకులు, మాంసం, తాతల టోపీలు, అన్నీ అక్కడే వేలాడుతుంటాయి. పాకూ కూడా గుడ్డను తీసుకెళ్ళి పొయ్యి పైన వేలాడదీసింది. మంట పెద్దది చేసింది. తన తెలివికి తనే మురిసిపోయింది.

టప్.

ఒక చుక్క నిప్పులో పడింది. మంట భగ్గున లేచింది. మళ్ళీ టప్, టప్. ఇల్లంతా తేనెమైనం వాసన.

పాకూ గుడ్డ లాగి చూసింది. లిన్ నత్త లేదు. మైనమంతా కరిగి జిడ్డు మరకలా పాకిపోయింది.

అంతలో వాకిట్లో మాటలు వినిపించాయి. పాకూ ఏమీ ఆలోచించలేదు. గుడ్డను నీలితొట్టిలో ముంచేసి, తీసి, మళ్ళీ వసారాలో వేసేసింది. తడి నీలంలో ఏదీ తెలియలేదు.

"నువ్వే ముంచేశావా?" అంది నానమ్మ.

"ఆరింది కదా అని..." అంటూ పాకూ తొట్టి మీద మూత సర్దింది.

కాసేపటికి నీళ్ళు మరిగాయి. లిన్ గిన్నె పక్కనే చేతులు కట్టుకుని నిలబడింది. నానమ్మ గుడ్డను ఉడికించి, చల్లటి నీళ్ళలో జాడించి, విప్పింది.

నీలం మధ్యలో తెల్లటి మచ్చలు. నత్త లేదు, గీత లేదు.

"నా నత్త ఏది?" అంది లిన్. గుడ్డ తిప్పి చూసింది. ఇంకోసారి తిప్పింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

నానమ్మ నీలం పట్టిన తన వేళ్ళ వైపు చూసుకుంది.

"ఎప్పుడూ ఇలా కాలేదు తల్లీ. మైనం సరిగ్గా కాచలేదేమో. ముసలిదాన్నయ్యాను, చేతులు మాట వినడం లేదు. తప్పు నాదే. నన్ను క్షమించు."

పాకూ నిర్ఘాంతపోయింది. ఊరంతా మైనం పని నేర్చుకుంది నానమ్మ దగ్గరే. అలాంటి నానమ్మ, ఒక చిన్నపిల్ల ముందు తల దించుకుంది! తిట్లు తింటానని భయపడింది గానీ, ఇలా అవుతుందని పాకూ అనుకోలేదు.

"నానమ్మా, నీ చేతులు కాదు!" అని గట్టిగా అరిచేసింది. "నేనే! పొయ్యి మీద ఆరేశాను. మైనం కరిగిపోయింది. మీకు తెలియకూడదని తొట్టిలో ముంచేశాను."

లిన్ నోరు తెరిచి చూసింది. "నీకు తెలిసి కూడా చెప్పలేదా?"

ఆ మాటకి పాకూ ఏడ్చేసింది.

నానమ్మ పాడైన గుడ్డను మడిచి పక్కన పెట్టింది. "గుడ్డ పోతే ఇంకో గుడ్డ ఉంది," అంది. "నా చేతుల మీద నాకే అనుమానం తెప్పించావు కదే!"

పాకూ లోపలికి పరుగెత్తింది. కొత్త సంవత్సరం లంగా కోసం తను దాచుకున్న నారగుడ్డ తెచ్చి లిన్ ముందు పెట్టింది.

"దీని మీద మళ్ళీ గీస్తావా? మైనం నేను కాస్తాను."

లిన్ వాళ్ళమ్మ వైపు చూసింది. ఆవిడ కాసేపు ఆలోచించింది. "సరే, రేపటి బస్సుకి వెళ్దాం," అంది.

మర్నాడు పొద్దున్నే లిన్ మళ్ళీ నత్త గీసింది. అదీ వంకరగానే వచ్చింది. ఈసారి పాకూ నవ్వలేదు.

"పేడలా లేదా?" లిన్ అడిగింది.

"కొంచెం ఉంది," అంది పాకూ. ఇద్దరూ నవ్వుకున్నారు.

నీలంలో మొదటిసారి ముంచడం అయ్యింది. గుడ్డ వసారాలో వేలాడుతోంది. మంచు ఇంకా దిగుతూనే ఉంది. పాకూ గుడ్డ పక్కన మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. చలికి ముక్కు ఎర్రబడింది.

"గడ్డకట్టుకుపోతావే! లోపలికి రా, పొయ్యి దగ్గర కూర్చుందువు గాని," నానమ్మ పిలిచింది.

"ఊహూఁ. ఇది ఆరాక వస్తాను నానమ్మా!"

లోపల్నుంచి లిన్ దుప్పటి తెచ్చి సగం పాకూ మీద కప్పింది. మిగతా సగం తను కప్పుకుని పక్కన కూర్చుంది.