పలక మీద పచ్చి కోతలు

"లెట్యూస్ తింటే కళ్ళద్దాలు అవతల పారేయొచ్చని ఎవరు చెప్పారండీ?"

కూరగాయల కొట్టు అబ్బాయి తలెత్తాడు. ఎదురుగా తెల్లకోటు, ముక్కు మీద కళ్ళద్దాలు, ఆ ముక్కు మీదే కోపం. ఎదుటి క్లినిక్‌లో కొత్తగా చేరిన డైటీషియన్.

"నేనే రాశానండి. ఆకు అమ్ముడుపోవాలి కదా."

"కంటికి మంచిదే. విటమిన్ ఎ అందుతుంది. అంతేగానీ మహిమలేం లేవు." కొట్టు ముందున్న పలకని అరచేత్తో తుడిచేసి వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమంతా టమాటాలు అడిగినవాళ్ళకి అతను వంకాయలు తూచాడు.

మర్నాడు పలక మీద, "లెట్యూస్ తింటే జుట్టు మోకాళ్ళ దాకా పెరుగును." ఆమె వచ్చింది, తుడిచింది. "ఫోలేట్ అనే విటమిన్ ఉంది, నీరెక్కువ, కడుపు నిండుతుంది, ఒళ్ళు పెరగదు. ఇవి రాయొచ్చుగా?"

ఇవి రాస్తే రేపెందుకు వస్తుంది? అందుకే అతను ఆకు కోసినదానికంటే కోతలు కోసిందే ఎక్కువ. బట్టతల, గురక, పరీక్షల భయం, దేన్నీ వదల్లేదు. గల్లాపెట్టె దగ్గర అమ్మ అన్నీ చూస్తూ బఠాణీలు వలుచుకునేది.

ఒకరోజు, "ఇది తింటే బీపీ మాత్రలతో పనిలేదు" అని రాశాడు. ఆ సాయంత్రం ఆమె పలక ముట్టుకోలేదు.

"ఇది చదివి ఒక పెద్దాయన మాత్ర మానేశాడు. కళ్ళు తిరిగితే మా దగ్గరికి తీసుకొచ్చారు. ఇప్పుడు బాగానే ఉన్నాడు. మీకిది ఆటగా ఉందా?"

ఈసారి అతనే పలక తుడిచేశాడు. పెద్దాయన ఇల్లు కనుక్కుని వెళ్ళి క్షమాపణ చెప్పుకున్నాడు. ఆ తర్వాత పలక మీద నిజాలే రాశాడు. కింద పెద్దక్షరాలతో, "మాత్రలు మానకండి. డాక్టర్ని అడగండి."

ఆమె రోడ్డవతల నుంచే చదివేది. తప్పు దొరక్క వెళ్ళిపోయేది. వారం తిరిగేసరికి అబ్బాయి అమ్ముడుపోని ఆకులా వాడిపోయాడు.

"నిజాలు రాసి పిల్లని పోగొట్టుకున్నావు" అంది అమ్మ.

"అబద్ధం రాస్తే మొహం కూడా చూడదమ్మా."

"ఎవరికీ హాని లేని అబద్ధం ఒక్కటి తట్టలేదుట్రా నీకు?"

తట్టింది. మర్నాడు నిజాలన్నిటికీ అడుగున ఇంకో వాక్యం చేరింది.

"ఈ ఆకు తింటే డైటీషియన్‌గారు పెళ్ళికి ఒప్పుకుంటారు."

ఆమె రోడ్డు దాటి వచ్చింది. చదివింది. మళ్ళీ చదివింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఆధారం ఉందా?"

"లేదండి. వారంగా మూడుపూటలా ఇదే తింటున్నాను. ఫలితం కనపళ్ళేదు." అతని గొంతు తగ్గింది. "మీరంటే నాకు ప్రాణం. మీరొచ్చి దిద్దుతారనే ఆ కోతలన్నీ కోశాను. పెద్దాయన విషయంలో మాత్రం బుద్ధొచ్చింది."

ఆమె పలక వైపు తిరిగింది. తర్వాత బొటనవేలితో, "ఈ ఆకు తింటే" అన్నంతవరకు తుడిచేసింది.

"ఆకుకి అంత శక్తి లేదు" అంది, సుద్ద దులుపుకుంటూ. "మిగతాది సరిగ్గానే ఉంది."

అమ్మ చేతిలోని బఠాణీలు నేలంతా దొర్లాయి.

"చేతులు కడుక్కో అమ్మాయ్. ఇంట్లోకొచ్చి భోంచేసి వెళ్దువుగాని."

"ముందు ఈయనకి ఆకు కానిదేదైనా పెట్టండి అత్తయ్యా."