వెనుక గేటు కాపలా

ఊఁ కొట్టేవారు నిద్రపోతే కథ దారి తప్పుతుందంటారు. కాబట్టి మేలుకొని వినండి.

అనగనగా ఆదోనికి వెలుపల, ఆస్పరికి పోయే దారిలో, మూతబడిన పత్తి జిన్నింగు మిల్లు ఒకటి ఉండేది. దాని వెనుక గేటుకు చెడ్డపేరు. పత్తి బేళ్లకు నిప్పంటుకున్న రాత్రి ప్రభుదాసు అనే కావలివాడు ఆ గేటు దగ్గరే, పొగలో ఊపిరాడక పోయాడు. పోయినవాడు పోయినట్టు ఉండక, ఇప్పటికీ తన కాపలాకు వస్తాడని ఊరి మాట.

డెబ్బై నాలుగో సంవత్సరంలో ఆ మిల్లును బాడుగకు తీసుకొని సుబేదారు శ్రీపాదరావు శిక్షణ పాఠశాల పెట్టాడు. సైన్యంలో చేరగోరే పల్లె కుర్రవాళ్లకు మూడు నెలల కోర్సు. మంత్రాలయం దగ్గర గుడి సేవల కుటుంబంలో పుట్టి, ఇరవై ఏళ్లు పటాలంలో చేసి, డెబ్బై ఒకటి యుద్ధం ముగిసిన మరుసటి ఏడు ఇల్లు చేరిన మనిషి. ఏ గంటకు పరుగు, ఏ గంటకు పాఠం, ఏ రాత్రి ఎవరు కాపలా... అంతా గోడమీది నల్లపలక మీద ఆయన చేతిరాతలోనే ఉండేది. దేనికైనా క్షమ ఉండేది గానీ, ఒక్క తప్పుకు లేదు. బదులు మనిషి రాకుండా కాపలా విడిచినవాడి పేరు కోర్సులోంచి కొట్టివేసేవాడు.

ఆ చలికాలం, ఒక్క నెలలోనే మూడు పేర్లు పోయాయి. ముగ్గురూ వెనుక గేటు దగ్గర నిలిచినవారే. ముగ్గురిదీ ఒకటే మాట — కంబళి ముసుగు కప్పుకొని ఎవరో వచ్చినాడు, ఆ రాత్రి గుర్తుమాట సరిగా చెప్పినాడు, చేతికర్ర తీసుకొని పోయి పండుకోమన్నాడు. తెల్లవారి చూస్తే... గేటు దగ్గర మనిషి లేడు. కర్ర మాత్రం గోడకు ఆనించి ఉంది.

"దయ్యానికి గుర్తుమాట ఎవరు చెప్పినారు?" అన్నాడు శ్రీపాదరావు. "సాయంత్రం ఏడింటికి నేను పెట్టిన మాట అది. ఇవన్నీ నిద్రకు సాకులు."

మూడోవాడు మల్లన్న. ట్రంకు నెత్తిన పెట్టుకొని, వెనక్కి తిరగకుండా పోయాడు.

వంటమనిషి హులిగమ్మ మాత్రం సంగటి కెలుకుతూ నవ్వింది. "ప్రభుదాసు బతికినన్నాళ్లూ ఒక్క దినమన్నా టయానికి డ్యూటీకి రాలేదప్పా. సచ్చినంక బుద్ధి వచ్చినట్టుంది!"

అందరూ నవ్వారు. సుంకన్న నవ్వలేదు. పలక మీద ఆ రాత్రికి వెనుక గేటు ఎదుట ఉన్నది అతని పేరే.

సుంకన్నది చిప్పగిరి పక్క పల్లె. రెండేండ్లుగా వానలు లేవు. తల్లి దేవమ్మ కూలికి పోదామన్నా పని దొరకడం లేదు. ఇంకో పది రోజుల్లో బళ్లారిలో సైన్యానికి మనుషులను ఎంచుకుంటారు. కోర్సు ముగించిన కాగితం చేతిలో ఉంటే ముందు వరుసలో నిలబడవచ్చు. పేరు కొట్టేస్తే... మళ్లీ ఆ బీడు భూములే.

రాత్రి రెండు దాటింది. గేటు మేకుకు తగిలించిన లాంతరు వత్తి తగ్గి, గుడ్డిగా వెలుగుతోంది. కుక్కలు కూడా మొరగడం మానేశాయి. సుంకన్న కర్ర బిగించి పట్టుకొని, మెడలోని విజిల్‌ను వేళ్లతో తడుముకుంటూ నిలబడ్డాడు.

గింజల గోడౌన్ పక్కనుంచి అడుగుల చప్పుడు... చెప్పులు లేని అడుగులు.

"థమ్! కౌన్ ఆతా హై?" ఆగు, ఎవరది అని అడిగే పటాలం మాట, కోర్సులో నేర్చుకున్నదే. కానీ గొంతు తనది కానట్టు పలికింది.

ముసుగు ఆగింది. "దోస్త్..." అని ఒక గుసగుస.

"గుర్తుమాట?"

"తుంగభద్ర."

సరైన మాట.  కంబళిలోంచి ఒక చేయి వచ్చి కర్రను పట్టుకుంది. చల్లని చేయి.

"నువ్వు పో... పోయి పండుకో."

కాళ్లు పరుగెత్తమన్నాయి. ముందు ముగ్గురూ ఇక్కడే పరుగెత్తారు. తలెత్తి చూసే ధైర్యం వారికి లేకపోయింది. సుంకన్న కర్ర విడవలేదు.

"పో, బజారీ..." ముసుగు గొంతు వణికింది. "ఆలస్యం చేసినాను. మంచు మోకాళ్ల దాకా వచ్చింది. నీ కాళ్లు చూడు... నల్లబడినాయి..."

సుంకన్న కిందికి చూశాడు. ఎండి పగుళ్లిచ్చిన నేల. ఈ నేల మంచుకొండను ఎన్నడు చూసింది?

రెండో చేత్తో మేకునుంచి లాంతరు తీసి పైకెత్తాడు.

శ్రీపాదరావు!

కళ్లు తెరిచే ఉన్నాయి. కానీ ఆ కళ్లు సుంకన్నను చూడడం లేదు.

సుంకన్న కర్ర వదిలాడు. చోటు మాత్రం విడవలేదు. సుబేదారు కర్ర అందుకొని, గేటుకు ఎదురుగా నిటారుగా నిలబడ్డాడు. ఒకే గేటుకు ఇద్దరు కావలివాళ్లు... ఒకడు మేలుకొని, ఒకడు నిద్రలో.

తూరుపు తెల్లబడుతుండగా ఆయన భార్య భీమాబాయి పరుగున వచ్చింది. సుంకన్నను చూసి నిలిచిపోయింది.

"బజారి ఎవరమ్మా?" అన్నాడు సుంకన్న మెల్లగా.

"హాలహర్వి పిల్లోడు. యుద్ధంలో కొండమీద ఈయన కింద ఉండినాడు. వాణ్ణి కాపలా నుంచి మార్చాల్సిన గంటకు ఈయన నిద్రపోయినాడు. తెల్లవారి పోయి చూస్తే..." ఆమె నోట కొంగు కుక్కుకుంది. "నువ్వు కాపలా విడవలేదు కదప్పా. నీ పేరుకేం కాదు. నేను తీసుకుపోతాను... ఊరకుండు. బయటపడితే ఈ స్కూలు నిలవదు. నీ కాగితమూ రాదు."

నిజమే. పది రోజులు ఊరకుంటే చాలు. 

"మల్లన్న ఏం తప్పు సేసినాడమ్మా?" అన్నాడు.

విజిల్ ఊదాడు.

ముప్పై మంది కుర్రవాళ్లు పరుగున వచ్చారు. శ్రీపాదరావు ఉలిక్కిపడ్డాడు. చేతిలోని కర్రను చూశాడు... తన బోసి పాదాలను చూశాడు.

"నిన్ను పొమ్మన్నానా?"

"అన్నారు సార్."

"పోలేదేం?"

"నిద్రలో ఉండే మనిషికి కాపలా ఎట్ల అప్పజెప్పేది సార్?"

 శ్రీపాదరావు పలక దగ్గరికి నడిచాడు. ముగ్గురి పేర్లు తిరిగి రాశాడు. పలక పైభాగాన శిక్షకుడిగా రాసి ఉన్న తన పేరును అరచేత్తో తుడిచేశాడు.

ఆ వారమే పాఠశాల మూతబడింది. కాగితం లేకుండానే సుంకన్న బళ్లారికి పోయి, చివరి వరుసలో నిలబడి, ఎంపిక కాక వెనక్కి వచ్చేశాడు. పేర్లు పోయిన ముగ్గురికీ సుబేదారు ఉత్తరాలు రాశాడు. ఇద్దరు వచ్చి సుబేదారు చేత క్షమాపణ చెప్పించుకున్నారు. మల్లన్న అప్పటికే బొంబాయి రైలెక్కాడు. అతని జాడ ఇప్పటికీ తెలియదు.

ఈ కథ నాకు మొదట చెప్పినది మా అవ్వ, భీమాబాయి. ఆ మూడు తెల్లవారుజాములూ, ఆయన మేలుకోకముందే, ఆయన పాదాలకంటిన మట్టిని తడిగుడ్డతో తుడిచినది తానేనని కూడా ఆమే చెప్పింది.