మూడో గది కిటికీ

గ్వెండా సత్రంలోకి గాలి కూడా అడగకుండా రాలేదు. గోడల నిండా గొర్రె బొచ్చు కూరించింది. కిటికీలకు మూడేసి అద్దాలు. స్నానాలకు వాననీళ్ళు, వంటింటి తొక్కలన్నీ పెరట్లో ఎరువుగుంటకి. ష్రాప్‌షైర్ కొండల్లో పక్షుల్ని చూడటానికి వచ్చినవాళ్ళు బురద బూట్లు గుమ్మంలో విప్పి, "అబ్బ, ఎంత వెచ్చగా ఉందో!" అని మురిసిపోయేవాళ్ళు. రవ్వంత వేడి కూడా వృథా చెయ్యని ఇల్లు ఇదేనని చెప్పే పచ్చ పలక గుమ్మం పక్కనే మెరుస్తూ ఉండేది. ఏడాదిగా గ్వెండా మాత్రం ఆ పలక వంక తలెత్తి చూడలేదు.

జనవరిలో ఒకరోజు మధ్యాహ్నం మూడున్నరకి, మూడో గదిలో దిగిన ఆంబ్రోస్ పెల్ అనే పెద్దాయన వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చేతుల్లో టోపీ నలుపుతున్నాడు.

"నిన్ను ఇబ్బంది పెట్టడం నాకు బొత్తిగా ఇష్టం లేదమ్మా..."

అక్కడివాళ్ళు కొంప అంటుకున్నా ఇలాగే మొదలుపెడతారు.

"ఫరవాలేదు, చెప్పండి పెల్ గారూ."

"నా కిటికీకి ఏదో పిట్ట కొట్టుకుంటోంది. మొన్నా అంతే, నిన్నా అంతే. సరిగ్గా నాలుగుకి పది నిమిషాల ముందు. పాపం, దెబ్బ తగిలి పడిందేమోనని కింద గడ్డంతా వెతికాను. ఒక్క ఈక లేదు."

రొట్టె పిండిలో గ్వెండా చేతులు ఆగిపోయాయి. "అద్దాలకి డేగ బొమ్మలు అంటించాం. అయినా కొట్టుకుంటూనే ఉంటాయి."

"పిట్ట కొట్టుకుంటే అద్దం మీద బూడిదలా అచ్చు పడుతుంది చూడు, అదీ ఉంది." ఆయన గొంతు తగ్గించాడు. "కానీ... లోపలివైపు ఉందమ్మా."

దొంగకు తేలు కుట్టినట్టయింది గ్వెండాకి. ఆ అచ్చు ఆమెకి కొత్తా? రెండు అరచేతులు, మధ్యలో ఒక నుదురు. రోజూ పొద్దున్నే గది సర్దే నెపంతో వెళ్ళి తుడిచేది ఆమే. అతిథుల పుస్తకంలో అందరూ మర్యాదగానే రాసి వెళ్ళేవాళ్ళు. 'గది బ్రహ్మాండం. కాస్త ఉక్కగా ఉంది, అంతే.'

నిరుడు ఇదే నెలలో ఆ గదిలోనే గ్వెండా తల్లి వినిఫ్రెడ్ పోయింది. ప్రాణం పోయే వేళ కిటికీ తెరవాలి, లేకపోతే ఆత్మకి దారి దొరకదని ఆ లోయలో అందరి నమ్మకం. తన మొగుడికీ, ఇరుగుపొరుగు ముసలివాళ్ళకీ ఆఖరి వేళ కిటికీ తెరిచింది వినిఫ్రెడే. తన వంతు వచ్చేసరికి కూతురి చెయ్యి పట్టుకుంది.

"గ్వెన్... వేళయిందే. కిటికీ తియ్యి."

కిటికీ చుట్టూ గాలి దూరకుండా ముందురోజే పట్టీ అంటించారు. రెండు రోజుల్లోపు కదిపితే పాడవుతుందన్నారు. తెల్లారితే ఇంట్లోంచి గాలి ఎక్కడన్నా పోతోందేమో పరీక్ష చేసే మనిషి వస్తాడు. అందులో నెగ్గితేనే పచ్చ పలక. ఇన్నాళ్ళ కష్టం ఒక్క నమ్మకం కోసం వదులుకుంటామా అనుకుంది గ్వెండా. వెళ్ళి తెర చప్పుడయ్యేలా లాగింది. గొళ్ళెం గలగలలాడించింది.

"తీశానమ్మా."

"నా తల్లే," అంది చూపు ఆనని ముసలమ్మ. నవ్వుతూనే పోయింది. ఆ వెంటనే అద్దానికి ఏదో ధబ్బుమని కొట్టుకుంది. పిట్టేమో అనుకుంది గ్వెండా. గడియారంలో నాలుగుకి పది నిమిషాలు తక్కువ.

మర్నాడు వీధి తలుపుకి పెద్ద పంకా బిగించి పరీక్ష చేసినవాడు, "మీ ఇంట్లోంచి ఊపిరి కూడా బయటికి పోదండీ!" అని మెచ్చుకున్నాడు. సమాధి దగ్గర ఆడవాళ్ళు అడిగారు. "కిటికీ తీశావు కదే?"

"తీశాను."

అప్పుడే తల కొట్టేసినట్టయింది. అయినా మాట మార్చలేదు. ఇప్పుడు తెరిస్తే అప్పుడు తెరవలేదని ఒప్పుకున్నట్టేగా! కిటికీకి తాళం వేసి, తాళంచెవి టీ డబ్బాలో దాచేసింది. అడిగినవాళ్ళకి గొళ్ళెం పట్టేసిందని చెప్పేది.

ఇంక మోయలేననిపించింది. పిండి చేతులతోనే డబ్బాలోంచి తాళంచెవి తీసింది. "పదండి పెల్ గారూ. మీరూ వినాలి," అంది.

బయట అప్పుడే మసక కమ్ముతోంది. గదిలో తడిసిన ఉన్ని వాసన. దాని కింద సన్నగా... అమ్మ వాడే లావెండర్ సబ్బు వాసన. గ్వెండా తాళం తీసి రెక్కలు బార్లా తెరిచింది. చలిగాలికి తెర లోపలికి ఉబ్బింది.

"అమ్మా, ఆ రోజు తియ్యలేదు. అబద్ధం చెప్పాను." పరాయి మనిషి ముందు సిగ్గుతో ముఖం మండిపోతోంది. "ఇప్పుడు తీశాను. ఒట్టమ్మా. వెళ్ళు."

ఇద్దరూ నిలబడ్డారు. పది నిమిషాలు తక్కువ నాలుగైంది.

తెర ఉన్నట్టుండి వాలిపోయింది. వెనక మంచం కిర్రుమంది...

ధబ్!

తెరిచి ఉన్న కిటికీలోనే. అడ్డంగా ఏమీ లేని చోటే.

"నమ్మలేదు," అంది గ్వెండా గొణుగుతూ. "నా మాట నమ్మలేదు."

పెల్ ఇబ్బందిగా కిటికీ దగ్గరికి జరిగి చెయ్యి బయటికి చాపాడు. మణికట్టు దాకా తడిసింది. "చూడమ్మా, బార్లా తెరిచే ఉంది. వాన కూడా మొదలైంది."

ఆయన పక్కనే నిలబడి గ్వెండా కూడా చెయ్యి చాపింది.

ఆమె వేళ్ళకి చల్లగా, నున్నగా అద్దం తగిలింది.