మూయకూడని స్క్రీన్

సాయి కిరణ్‌ని ఉదయం తొమ్మిదిన్నరకి, కలకత్తా వాట్‌గంజ్‌లో పసుపు గోడౌన్ వెనక సందులో, కురుస్తున్న వానలోనే చంపేశారు.

అతన్ని కలుసుకోవాల్సిన ఏజెంట్ బైరాగి పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. డాక్‌లోకి ఓడ వస్తోందని వంతెన ఎత్తేశారు మరి. అతను చేరేసరికి సందులో మనుషులు లేరు. చినిగిన బస్తాల్లోంచి కారిన పసుపు వాననీటిలో కలిసి నేలంతా పచ్చగా పారుతోంది. ఆ పచ్చనీళ్లలో బోర్లా పడి ఉన్నాడు సాయి కిరణ్. మెడలో ఐడీ కార్డు తాడు ఉంది. దానికి ఎప్పుడూ వేలాడే, పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్ లేదు.

బైరాగి కూర్చుని తాడు చివర చూశాడు. తెంపలేదు. కత్తిరించారు. తొందరలేని మనుషుల పని.

పదకొండుకి, ఓడల ఏజెన్సీ బోర్డు తగిలించుకున్న ఓ పాత మేడమీద, పట్టాభి బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. గూఢచారి బ్యూరో కలకత్తా స్టేషన్‌కి ఆయనే అధిపతి. ఒక విదేశీ ముఠా ఆర్నెల్లుగా న్యూ టౌన్‌లోని ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ చుట్టూ తిరుగుతోంది. ఆ కంపెనీలో సాయి కిరణ్ రాసిన యాప్ బడ్జ్ బడ్జ్‌లో ఒక ప్రైవేటు ఆయిల్ టెర్మినల్‌ని నడుపుతోంది. ఏ ట్యాంకులో ఎంత నూనె ఉందో, ఏ వాల్వు ఎప్పుడు మూయాలో అంతా ఆ స్క్రీన్ మీదే.

లాబ్ చూసే అరుణకుమారి లాప్‌టాప్ తిప్పి చూపించింది. "పేరుకి డెస్క్‌టాప్ అప్లికేషన్. లోపలున్నది వెబ్ పేజీ. జావాస్క్రిప్టూ, బొమ్మలూ. దాని చుట్టూ ఓ బ్రౌజర్ని కట్టి, అడ్రస్ బార్ పీకేసి, ఐకాన్ అంటించారు."

"మారువేషం," అన్నాడు బైరాగి.

"అంతే. కానీ మామూలు బ్రౌజర్లో పేజీకి కంప్యూటర్ మీద చెయ్యి వేసే హక్కుండదు. ఈ వేషం కడితే ఉంటుంది. ఫైళ్లు, కేబుళ్లు, వాల్వులు, అన్నీ."

మిగతాది ఆమె క్లుప్తంగా చెప్పింది. కొత్త వెర్షన్ వస్తే దానికి సాయి కిరణ్ టోకెన్‌తో డిజిటల్ సంతకం పడాలి, అప్పుడే యాప్ నమ్ముతుంది. పది గంటలకి ఆ సంతకంతో కొత్త వెర్షన్ ఒకటి వెళ్లింది. దాని మూట విప్పి చదివింది ఆమె. ఏడో నంబరు ట్యాంకు ఎంత నిండినా సగమే చూపిస్తుంది. నిండి పొర్లినా అలారం మోగదు. ఈ రోజు ఆ ట్యాంకులోకి ఓడ నుంచి పెట్రోలు దించుతున్నారు; పొర్లితే ఒక్క నిప్పురవ్వ చాలు.

"ఇప్పటికే పనిచేస్తోందా?"

"లేదు. దిగి ఓ మూల కూర్చుంది. యాప్ మూసి మళ్లీ తెరిచినప్పుడే లోపలికొస్తుంది. రెండింటికి షిఫ్టు మారుతుంది. రూలు ప్రకారం పాత మనిషి మూసి లేవాలి, కొత్త మనిషి తెరవాలి."

పట్టాభి టెర్మినల్ మేనేజరుకి ఫోన్ చేశాడు. మేనేజరు సగం విని, ఆఫీసర్లమంటూ రోజుకి నలుగురు మోసగాళ్లు ఇలాగే చేస్తున్నారనీ, తనదగ్గర డబ్బుల్లేవనీ చెప్పి, నంబరు బ్లాక్ చేశాడు. ఢిల్లీ నుంచి చెప్పించాలంటే మూడు గంటలు పడుతుంది. గడియారం పన్నెండు చూపిస్తోంది.

బైరాగి అప్పటికే లేచాడు. టెర్మినల్ గోడకి ఆనుకుని రేకుల ఇళ్ల లైన్లున్నాయి, అన్నీ శ్రీకాకుళం వైపు కాపురాలు. నాలుగో ఇంట్లో అతని అక్క అమ్మన్నమ్మ ఉంటుంది. ఈ పూట కంట్రోల్ రూమ్ కుర్చీలో కూర్చున్నది ఆమె మొగుడు గవరయ్య. తమ్ముడు పోస్టాఫీసులో పనిచేస్తున్నాడని వాళ్ల నమ్మకం.

కింద, అతన్ని టెర్మినల్‌కి తీసుకెళ్లడానికి పట్టాభి పిలిపించిన నల్ల కారు ఆగి ఉంది. స్టీరింగ్ దగ్గర నీలం చీర, ముత్యాల దుద్దులు, వానలో కూడా చెదరని జుట్టు. అద్దం దించి, "లాంచీ ఎన్నింటికి?" అంది.

"పోటు తగ్గాక," అన్నాడు బైరాగి, కోడ్ ప్రకారం.

సమీర ఆ న్యూ టౌన్ కంపెనీలోనే మేనేజరు. ముఠాలోకి బ్యూరో పంపిన కన్ను. న్యూ టౌన్ నుంచి తిన్నగా వస్తున్నాననీ, సాయి కిరణ్ సంగతి ఫోన్లో తెలిసిందనీ చెప్పి కళ్లు తుడుచుకుంది. దారిలో మాట కలిపింది.

"బైరాగిగారూ, విరుగుడు నేను పెట్టేశాను. టెర్మినల్‌వాళ్లని యాప్ ఒకసారి మూసి తెరవమనండి. అంతా సర్దుకుంటుంది."

"మూసి తెరవాలా?"

"రెండింటికల్లా. అక్కడి మేనేజరుకి మెయిల్ కూడా పంపాను."

బైరాగి తల ఊపి కిందకి చూశాడు. పల్లెలో పెరిగినవాడు మనిషి మొహంకన్నా ముందు కాళ్లు చూస్తాడు, ఏ చేలోంచి వచ్చాడో తెలుస్తుందని. బ్రేకు మీద ఉన్న తెల్ల చెప్పు. కుట్టు వెంబడి సన్నగా, పచ్చగా, ఇంకా తడారని పసుపు.

టెర్మినల్ చేరేదాకా బయటపడకూడదని అతను కళ్లు వాన వైపు తిప్పుకున్నాడు.

టెర్మినల్ ఇంకా రెండు కిలోమీటర్లుందనగా రైల్వే గేటు ఇవతల కారు ఆగింది. అర్జెంటు కాల్ ఉందనీ, ముందు బ్యాటరీ ఆటో ‘టోటో’ ఎక్కి వెళ్లమనీ అంది సమీర. పేలుడు ఎంతదూరం వస్తుందో లెక్కేసుకునే ఆమె ఆ గేటు దాటడం లేదని బైరాగికి అర్థమైంది. చెయ్యి చాపి తాళంచెవి లాగి జేబులో వేసుకున్నాడు.

"ఏంటిది?" అందామె.

"కాళ్లు కడుక్కోవాల్సింది మేడమ్," అని దిగిపోయాడు. చెవిలో దాచిన ఇయర్‌ఫోన్‌లో అరుణకుమారికి రెండు ముక్కలు చెప్పాడు: "మల్లిక మనది కాదు. గేటు దగ్గరుంది." మల్లిక సమీర కోడ్ పేరు.

ఒంటిగంటా నలభైకి టోటో లైన్ల దగ్గర దించింది. టెర్మినల్ గేటు దాటి ఫోనుగానీ బాటరీ ఉన్న ఏ వస్తువుగానీ పోనివ్వరు. పాసు లేనిదే మనిషినీ పోనివ్వరు, అన్నం కేరేజీ తెచ్చేవాళ్లని తప్ప.

అమ్మన్నమ్మ గుమ్మంలో కేరేజీ బిగిస్తోంది. "ఏటిరా, సెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు? అలా వగరుస్తన్నావేటి? కూకో, చా తాగు."

"బావకి కేరేజీ నానట్టుకెల్తానప్పా."

"ఈరోజేటో నీకు బావ మీద పేమ పుట్టుకొచ్చింది," అంటూనే ఇచ్చింది. పక్కింట్లో పసిపిల్ల ఏడుస్తోంది. వీధి కుళాయి దగ్గర ఆడవాళ్లు బిందెలతో పోట్లాడుకుంటున్నారు. వాళ్లని లేచి పొండని చెప్పే టైము లేదు. బైరాగి పరుగెత్తాడు.

గేట్లో ఫోనూ, చెవిలోదీ ఇచ్చేశాడు. కంట్రోల్ రూమ్ తలుపు లోపల్నుంచి గడియ. ముందువైపంతా మందపాటి అద్దం, శబ్దం దాటదు. లోపల గవరయ్య కుర్చీలో ఉన్నాడు. వెనకాల డ్యూటీ అందుకోవడానికి వచ్చిన సూరన్న. పక్కన టెర్మినల్ మేనేజరు, చేతిలో సమీర మెయిలు కాగితం, వేలితో స్క్రీన్ చూపిస్తూ అరుస్తున్నాడు. గోడ గడియారం రెండుకి ఒక నిమిషం తక్కువ. గవరయ్య చెయ్యి మౌస్ మీద కదిలింది. బాణం గుర్తు, యాప్ మూసే గుర్తున్న కుడివైపు పైమూలకి పాకింది.

బైరాగి అద్దం మీద కొట్టాడు. ఎవరూ తల తిప్పలేదు. కేరేజీ ఎత్తి విసిరాడు. చారు అద్దమంతా కారింది. గవరయ్య చూశాడు.

గవరయ్య ఇక్కడికి రాకముందు ఇరవై ఏళ్లు ఖిదిర్‌పూర్ డాకులో, ఓడలోకి సరుకు దించే వించి తోలాడు. వించి మీద కూర్చున్నవాడికి కింద ఏముందో కనపడదు. ఓడ గర్భానికి నోరులాంటి హ్యాచి అంచున నిలబడి చేతులూపేవాడే అతని కళ్లు. ఓనరు అరిచినా, కెప్టెన్ అరిచినా వినడు. ఆ చేతినే వింటాడు, ఎందుకని అడగడు. బైరాగి ఒక ఏడాది గవరయ్య కోసం ఆ అంచున నిలబడ్డవాడే.

రెండు చేతులూ తలమీదికి ఎత్తి మణికట్లు అడ్డంగా కలిపాడు. బరువు వేలాడుతోంది, కింద మనుషులున్నారు, ఏదీ కదపకు.

గవరయ్య చెయ్యి మౌస్ మీదినుంచి లేచింది, నిప్పు తగిలినట్టు.

మేనేజరు తానే మూద్దామని వంగాడు. గవరయ్య మౌస్‌ని కేబుల్‌తో సహా పీకి ఒళ్లో పెట్టుకున్నాడు. సూరన్న కీబోర్డు మీద రెండు చేతులూ పరిచాడు. లోపల ఏమేం తిట్లు తిట్టుకున్నారో బైరాగికి వినపడలేదు. ఎత్తిన చేతులు దించలేదు. వానలో, భుజాలు వణుకుతున్నా, పదకొండు నిమిషాలు. అద్దం వెనక గవరయ్య రెప్ప వేయకుండా ఆ చేతుల్నే చూస్తూ కూర్చున్నాడు. పట్టాభి జీపులో గేటు దాటి లోపలికొచ్చి, గోడమీది ఎర్ర బటన్ నొక్కి పంపు ఆపించేదాకా.

మూడింటికి అరుణకుమారి వచ్చి ఆ వెర్షన్‌ని కంట్రోల్ రూమ్ కంప్యూటర్లోంచి తుడిచేసింది. రైల్వే గేటు దగ్గర, కదలని కారు పక్కన, గొడుగు లేకుండా తడుస్తూ దొరికింది సమీర. టోకెన్ ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లోనే ఉంది.

బ్యూరో లెక్కలో ఆ రోజు ఏమీ జరగలేదు. ఏమీ జరగలేదు గనక టెర్మినల్‌లో షిఫ్టు రూలు తప్పిన సంగతి ఒక్కటే మిగిలింది. గవరయ్యకి మెమో వచ్చింది. నోరు విప్పనని పట్టాభి ముందు సంతకం పెట్టాడు కాబట్టి అతను దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అమ్మన్నమ్మ వడ్డిస్తూ తమ్ముణ్ని కడిగేసింది. "అన్నం ఇచ్చి రమ్మంటే అద్దం ముందు నిలబడి ఆటలాడతావేట్రా? ఉత్తరాలు పంచుకునేవోడివి, కంపెనీ పన్ల గురించి నీకేటి తెలుసు?"

"ఏటీ తెల్దప్పా," అని ఒప్పుకుని, బైరాగి ఇంకో గరిటె చారు పోయించుకున్నాడు.