పది, నూరు, వెయ్యి, ఏడు

పబ్లిక్ ఫోన్ బూత్‌లోని మనిషి రిసీవర్ పెట్టి వెనక్కి తిరిగేసరికి గాజు తలుపు అవతల నాలుగు పిస్టళ్లు అతన్నే చూస్తున్నాయి. అతను చేతులెత్తలేదు. చొక్కా కాలర్ అంచును పళ్లతో కొరికాడు. అందులో కుట్టుకున్న సైనైడ్ క్యాప్సూల్ నలభై సెకన్లలో పని ముగించింది. ఆ నలభై సెకన్లూ ఏజెంట్ సున్నా అతని దవడలు విడదీయడానికి పెనుగులాడాడు. చివరికి దక్కింది రక్తం కారుతున్న సొంత చూపుడువేలు.

అప్పుడు ఉదయం ఎనిమిదిన్నర. తొమ్మిదింటికి ఆ వేలికి కట్టు కట్టుకుని చీఫ్ గదిలో నిలబడ్డాడు.

"మనిషిని తెమ్మంటే శవాన్ని తెచ్చావు," అన్నాడు చీఫ్. కూర్చోమనలేదు.

సున్నా అనేది అతని కోడ్ నేమ్ కాదు. ట్రైనింగ్‌లో లెక్కల పేపర్‌కు వచ్చిన మార్కు. ఆ పేపర్ దిద్దింది కోడ్ సెక్షన్ హెడ్, డిపార్ట్‌మెంట్ అంతా ప్రొఫెసర్ అని పిలిచే మనిషి. ఆ పేరు పెట్టిందీ ఆయనే. పన్నెండేళ్లయినా ఆ మాట నోట్లో చప్పరిస్తూనే ఉంటాడు. ఇప్పుడు చీఫ్ పక్కనే కుర్చీలో కాలు మీద కాలేసుకుని ఉన్నాడు.

సంగతి ఇది. పదకొండు గంటలకు రాయబారి హార్బర్ ఆఫీసులో ఒక ఒప్పందంపై సంతకం చేస్తాడు. దాంతో విదేశీ ఆయుధాల ముఠాకు ఈ తీరం మూసుకుపోతుంది. ఆలోగా రాయబారి ప్రాణం తీయాలని ముఠా పంతం. చచ్చిన మనిషి ముఠా గొంతు. ఆర్డర్లు అతని నోటి నుంచే వెళ్తాయి. బూత్ లైన్ ట్యాప్ చేశారు గానీ, అవతలి నంబర్ దొరికేంతసేపు కాల్ నడవలేదు. నాలుగే మాటలు. టైపిస్టు ఇచ్చిన కాగితం చూసి ప్రొఫెసర్ వాటిని బోర్డు మీద రాశాడు.

10. 100. 1000. 7.

"ఒక్కో సున్నా పెరుగుతోంది," అన్నాడు ప్రొఫెసర్. "నాలుగోది పదివేలు కావాలి. ఏడు వచ్చింది. సిరీస్ ఎక్కడ తెగిందో టార్గెట్ అక్కడే. హార్బర్ ఏడో గేటు. కంప్యూటర్ కూడా అదే అంది."

"టీమ్ మొత్తం ఏడో గేటుకు," అన్నాడు చీఫ్. "నువ్వు తప్ప. నువ్వు ఆ శవం మీద రిపోర్ట్ రాసుకో."

"టేప్ ఒకసారి వినొచ్చా సార్?"

"వింటే లెక్క వస్తుందా సున్నాకి?" ప్రొఫెసర్ నవ్వాడు.

సున్నా కింది అంతస్తులోని కిటికీలేని గదికి వెళ్లి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. గొంతులో తొందర లేదు. వంటమనిషికి పని పురమాయిస్తున్నట్టుంది.

పది. నూరు. వెయ్యి. ఏడు.

రెండోసారి విన్నాడు. పోయిన వారం టేప్ తీసి అదీ విన్నాడు. అదే బూత్, అదే గొంతు: "వంద పెట్టెలు దిగాయి." మొన్నటిది: "వందకు తగ్గించొద్దు." ఎప్పుడూ వందే. మరి ఇవాళ నూరు ఎందుకయింది?

మూడోసారి విన్నప్పుడు తెలిసింది. అది వంద కాదు. అంకే కాదు. రోట్లో వేసి నూరు. వెయ్యి, దేంట్లోనో వెయ్యి. ఆ తర్వాత ఏడు. గుండెలు బాదుకుని ఏడు. ఒక్క పది మాత్రం నిజంగా పదే, గంట. టైపిస్టు విన్న మాటల్ని అంకెలుగా కొట్టిన క్షణంలోనే మాటలు చచ్చిపోయాయి. ప్రొఫెసర్ ఆ శవాలను కూడి, తీసి, హెచ్చవేస్తున్నాడు.

వాచీ చూశాడు. తొమ్మిది ఇరవై ఎనిమిది.

ఎవరికి ఇచ్చారు ఈ ఆర్డర్? పరాయివాణ్ణి ఎవరూ ఏడవమనరు. విషం పెట్టి పారిపొమ్మంటారు. ఏడుపు ఇంటివాళ్ల పని. ఏడవకపోతే అనుమానం వచ్చేది వాళ్ల మీదే. పక్షవాతం వచ్చినప్పటి నుంచి రాయబారికి గొంతు పట్టేసి మాత్రలు మింగుడు పడవు. రోజూ పదింటికి వాటిని నూరి పాలల్లో వేసి ఇచ్చేది కోడలు. కొడుకు పోయాక ఆ ఇంట్లో ఆయనకు మిగిలిన ఒకే ఒక్క మనిషి.

ఆ కోడల్ని రెండేళ్ల క్రితం డిపార్ట్‌మెంట్‌లోకి తెచ్చింది తనే. ఫైల్లో ఆమె పేరు నెమలి. పార్టీల్లో నల్లటి గౌనుతో, చెవులకు ముత్యాలతో ఆమె నడిచొస్తే విదేశీ దౌత్యవేత్తలు గ్లాసులు పట్టుకున్న సంగతి మరిచిపోయేవారు. వాళ్లు చెప్పిన రహస్యాలు గురువారం లైబ్రరీలో ఇతని చేతికి వచ్చేవి. గురువారాల కోసం అతను ఎదురుచూసేవాడు. ఆ ఎదురుచూపు రిపోర్టుల కోసమేనని తనకు తాను చెప్పుకునేవాడు.

చీఫ్‌కు ఫోన్ చేశాడు. కార్లో ఉన్నాడు చీఫ్.

"నెమలి మీదా అనుమానం?" గొంతు కరుకుగా ఉంది. "నువ్వు తెచ్చిన మనిషే కదయ్యా."

"అందుకే చెప్తున్నాను సార్. పొరపాటు నాది. ఆ ఇంటికి ఫోన్ చేస్తే ఎత్తేది ఆమే. నన్ను వెళ్లనివ్వండి."

"తప్పయితే నీ ఉద్యోగం ఉండదు."

"ఒప్పయినా ఉండదు లెండి," అని పెట్టేశాడు.

రాయబారికి డిపార్ట్‌మెంట్ అంటే పడదు. గేటు దగ్గర తన సొంత గార్డుల్నే పెట్టుకున్నాడు. ఐడీ కార్డు చూపిస్తే పైకి కబురు వెళ్తుంది, వినేది మళ్లీ కోడలే. అందుకని డిపార్ట్‌మెంట్ మేకప్ గదిలోంచి తెల్లకోటు, మాస్కు, బ్లడ్ శాంపిల్ పెట్టె పట్టుకుని బయల్దేరాడు. పెట్టె అడుగున పిస్టల్.

"షుగర్ టెస్ట్," అన్నాడు గార్డుతో. తొమ్మిది యాభై ఐదు.

"ఇవాళ ఉందని చెప్పలేదే."

"నాకూ చెప్పలేదు. పొద్దున్నే తరిమారు. వెనక్కి పొమ్మంటే పోతా, ఈ పుస్తకంలో సంతకం పెట్టండి చాలు."

సంతకం అనగానే గార్డు పక్కకు తప్పుకున్నాడు. పెట్టె మాత్రం తెరిపించాడు. పై అర చూసి, సూదులు కనబడగానే మూసెయ్యమన్నాడు.

మేడమీద గది తలుపు ఓరగా తెరిచి ఉంది. కిటికీ పక్క చక్రాల కుర్చీలో రాయబారి. మెడకు తువ్వాలు, కుడిచేతిలో కప్పు, ఎడమచెయ్యి ఒళ్లో చచ్చుబడి ఉంది. బల్లమీద తెల్లటి పింగాణీ కల్వం, అందులో మందు నూరే పొత్రం. ఆమె ఆయన తువ్వాలు సర్దుతోంది. కప్పు పెదవుల దాకా వెళ్లింది.

"నూరు," అన్నాడు సున్నా గుమ్మంలోంచి.

ఆ ఒక్క మాటకు ఆమె గిరుక్కున తిరిగింది. ఏమీ తెలియని మనిషి అయితే 'ఏం నూరు?' అని అడిగేది. ఆమె చెయ్యి హ్యాండ్‌బ్యాగ్‌లోకి పోయింది. బయటికొచ్చినప్పుడు అందులో లిప్‌స్టిక్ అంత పిస్టల్ ఉంది. ఆ బొమ్మ తుపాకి తనే ఇచ్చాడు, కిందటేడు, ఆత్మరక్షణకని.

"నూరావు, వేశావు," అన్నాడు. "ఇక ఏడవడమే మిగిలింది. కప్పు దించండి సార్."

రాయబారి కప్పు దించలేదు. ఎత్తలేదు కూడా. కోడలి వైపే చూస్తున్నాడు.

"ఏంటమ్మా ఇది?"

"మాట్లాడకండి మామయ్యా. తాగండి." పిస్టల్ సున్నా గుండెకు గురిపెట్టే ఉంది.

"ఎందుకు చేశావు?" సున్నా గొంతు అతనికే కొత్తగా వినిపించింది.

"ఏడేళ్లు రోజూ నూరాను. నీళ్లు మొయ్యడం, తుడవడం, తినిపించడం. ఒక్కరోజైనా నువ్వు తిన్నావా అని అడిగారా ఈయన? నువ్వడిగావా? గురువారం వచ్చి కాగితాలు తీసుకుని పోయేవాడివి. వాళ్లు మాత్రం అడిగారు, నీకేం కావాలని."

"ఏం కావాలన్నావు?"

"ఈ ఇంట్లోంచి బయటపడటం."

ఆమె వేలు బిగిసింది. సున్నాకు పెట్టె తెరిచే టైమ్ లేదు. దాన్నే అడ్డం పెట్టాడు. అదే క్షణంలో, ఎవరూ లెక్కలోకి తీసుకోని ముసలి చెయ్యి కదిలింది. పొగలు కక్కే పాలు కప్పుతో సహా ఆమె మణికట్టును తాకాయి. గుండు పైకప్పులోకి పోయింది. సున్నా పెట్టె విసిరికొట్టి, ఆమె తేరుకునేలోగా రెండు చేతులూ వెనక్కి విరిచి పట్టుకున్నాడు. కాలిన మణికట్టు అతని గుప్పిట్లోనే ఉంది. పట్టు వదులు చెయ్యాలనిపించింది. చెయ్యలేదు. గోడగడియారం పది కొట్టింది.

పది పదిహేనుకు చీఫ్ వచ్చాడు. వెనకే ప్రొఫెసర్. ఏడో గేటు దగ్గర వాళ్లకు దొరికింది చేపల లారీ ఒక్కటే. ల్యాబ్ మనిషి కల్వంలోని పొడిని తీసి, గుండె ఆగిపోయే మందని, పోస్ట్‌మార్టంలో కూడా దొరకదని చెప్పాడు. ప్రొఫెసర్ కల్వం చూశాడు, సున్నాను చూశాడు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"నీ తప్పు నీ ఫైల్లోనే ఉంటుంది," అన్నాడు చీఫ్. "ఒప్పు కూడా రాస్తాను. చిన్న అక్షరాలతో."

ఆమెను తీసుకుపోతున్నప్పుడు సున్నా తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆమె అతని ముఖంలోకి చూడకుండానే దాటిపోయింది.

హార్బర్‌కు బయల్దేరేముందు రాయబారి నేలమీద పాలమరక కేసి ఒకసారి చూశాడు. సున్నా కుర్చీ కారు దాకా తోసుకెళ్లాడు.

"నన్ను బతికించావు, సంతోషం," అన్నాడు ముసలాయన. "షుగరని ఏడేళ్లుగా నాకు తీపి ముట్టనివ్వలేదయ్యా. ఇవాళ మందు చేదు తెలియకుండా నా కళ్లముందే కప్పు నిండా తేనె కలిపింది. నువ్వు ఒక్క గుక్క ఆగి రావాల్సింది."